ఈర్ష్యకు మందు ప్రమోద భావన
(గృహస్థులకు ఒక స్వాధ్యాయ పాఠము)



ఈ వార్షిక సంచికలో పండితులైన పెద్దలు తత్త్వవిషయములను వ్రాయుట ఆచారము. నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో గుడ్డల కొట్టులో కూర్చున్నవాడను. మహారాజ్‌గార్ల వ్యాఖ్యానములలో విన్నదియు, స్వాధ్యాయమున చదివినదియు, వ్యాపారములో దెబ్బతిని నేర్చుకొన్నదియు కలిపి ఈ పాఠము కూర్చితిని. లోపములున్నచో మన్నింప ప్రార్థించుచున్నాను.

నేడు మన ఇండ్లలో పిన్నలకును పెద్దలకును ఒక క్రొత్త వ్యాధి పట్టినది. చేతిలోని ఫోనులో పరుల వైభవమును చూచి మనస్సు కుందుట దాని లక్షణము. దీనికి మన శాస్త్రములలో మందు కలదా? కలదు. ఆ మందు పేరు, దానిని తీసికొను విధము ఈ వ్యాసమున చెప్పదలచితిని.

1. తలుపులు మూయని దుకాణము

మేము వ్యాపారము చేయు మారతహళ్ళిలో అవుటర్ రింగు రోడ్డుకు ఇరుప్రక్కల బట్టల కొట్లు వరుసగా నుండును. తగ్గింపు ధరల దుకాణములకు ఈ పేట బెంగుళూరంతట పేరుపడినది. ఐ.టి. కార్యాలయములలో పనిచేయు మన తెలుగు పిల్లలు ఈ చుట్టుప్రక్కల విస్తారముగా నివసించుటచే కొట్టులో తెలుగు, కన్నడము, హిందీ మూడును వినబడుచుండును. ఇట్టిచోట ప్రక్క కొట్టున గిరాకీ ఎట్లున్నదో తల త్రిప్పిన చాలును, కనబడును. పోలిక మాకు క్రొత్త కాదు. మా తాతల నాటినుండియు ప్రక్కవాని గల్లాపెట్టె చప్పుడు మన చెవిని పడుచునే యున్నది.

అయితే వెనుకటికిని ఇప్పటికిని ఒక భేదమున్నది. వెనుక రాత్రి యగుసరికి మన కొట్టు తలుపులు వేసెడివారము. ప్రక్కవాడును వేసెడివాడు. ఈర్ష్యకు కూడ ఆ రాత్రికి విశ్రాంతి దొరకెడిది. ఫోను అను దుకాణమునకు తలుపులు లేవు. రాత్రి పదకొండు గంటలకు పరుపుమీద పడుకొని ఒకని క్రొత్త కారును, ఒకని కుమార్తె వివాహమున వేసిన పూలపందిరిని, ఒకని విదేశయాత్రను, మరియొకని మనుమనికి వచ్చిన మార్కులను వరుసగా చూచుచున్నాము. చూచుట పావుగంట, నిద్ర రాకుండుట రెండు గంటలు.

దీనికి స్త్రీ పురుష భేదము లేదు. కోడలు మరియొక ఇంటి కోడలి నగలను చూచును. కుమారుడు తన తోటివాని జీతమును చూచును. తుదకు తపస్సును గూడ పోల్చుచున్నాము. ఒకరి అఠాయీకి ఎన్ని అభినందనలు వచ్చినవి, మన ఇంటి అఠాయీకి ఎన్ని వచ్చినవి అని లెక్కించువారిని నేనెరుగుదును. కర్మ నిర్జరకై చేసిన ఉపవాసము కర్మబంధమునకే కారణమైనచో ఆ ఆకలి యంతయు వృథాయే గదా!

2. జమ మాత్రమే గల చిట్టా

మనము వర్తకులము. ఎవరైన ఒక కొట్టును అమ్మజూపి జమ వరుసను మాత్రము చూపి, ఖర్చు వరుసను కాగితముతో కప్పిపెట్టినచో కొందుమా? కొనము. "బాకీలు చూపుము, ఆవర్జా తెమ్ము, సరకు లెక్కపెట్టుము" అందుము. అట్టి మనము ఫోనులో పరుల బ్రతుకునకు సంబంధించి జమ వరుసను మాత్రమే చూచి, వారు లక్షాధికారులనియు మనము దివాలా తీసితిమనియు నిర్ణయించుచున్నాము. బొమ్మకు పెట్టిన చీరను చూచి గోదాము విలువ కట్టుట వంటిది ఈ పని. వివాహపు పందిరి కనబడును. దానికై తెచ్చిన అప్పు కనబడదు. నవ్వుచున్న దంపతులు కనబడుదురు. అంతకు ముందు గడియలో జరిగిన కలహము కనబడదు. వారు అబద్ధమాడిరని కాదు. ఎవరును తమ ఖర్చు వరుసను గోడమీద అంటింపరు, అంతియే.

ఈ యంత్రముల పుట్టుక కూడ కొంత తెలిసికొనుట మంచిది. ఫేస్‌బుక్ 2004లో వచ్చినది. అందు "లైక్" అను మీట 2009లో చేరినది. ఇన్‌స్టాగ్రామ్ 2010లో పుట్టినది. ఇరువదినాలుగు గంటలు నిలిచి మాయమగు ఫోటోల స్టేటస్ వాట్సాప్‌లోనికి 2017లో వచ్చినది. లైక్ మీట వచ్చిన పిమ్మట మెప్పునకు అంకె ఏర్పడినది. స్టేటస్ వచ్చిన పిమ్మట ఎవరు చూచిరో జాబితాగా కనబడుచున్నది. ఇక అంకెలను చూచినచో వర్తకుని మనస్సు ఊరకుండునా? కూడికకును తీసివేతకును దిగును.

లియోన్ ఫెస్టింగర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1954లోనే ఒక విషయమును సిద్ధాంతీకరించెను. తన సామర్థ్యమును కొలుచుకొనుటకు సరియైన కొలబద్ద దొరకనప్పుడు మానవుడు ఇతరులతో పోల్చుకొనును; అదియు తనవంటి వారితోనే పోల్చుకొనును అని. ఈ మాట నిజమని మనకెల్లరకు అనుభవమే. దేశములోని మహాకోటీశ్వరుని చూచి మనము నిద్ర మానము. మనతో కలిసి అదే ఊరినుండి అదే రైలులో వచ్చినవాడు రెండవ కొట్టు తెరచినపుడే గుండెలో కలుక్కుమనును. ఫోనులో మనకు కనబడువారందరు మన బంధువులు, మన సంఘమువారు, మన వ్యాపారమువారు. కావుననే అది అంత లోతుగా గ్రుచ్చును.

3. శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థ సూత్రము శ్వేతాంబర దిగంబరులు ఉభయులు శిరసావహించు గ్రంథము. అందు పది అధ్యాయములు కలవు. ఆరవ అధ్యాయము ఏ పనివలన ఏ కర్మము లోనికి ప్రవహించునో చెప్పును. ఏడవది వ్రతములను గూర్చినది. మన విషయమునకు పనికివచ్చు సంగతులు ఈ రెంటిలో పెక్కు కలవు.

మొదటిది లాభాంతరాయము. అంతరాయ కర్మము దాన, లాభ, భోగ, ఉపభోగ, వీర్యములకు అడ్డువచ్చునది; ఐదు విధములు. నాకు రావలసిన లాభము రాకుండుటకు కారణము నా లాభాంతరాయము గాని ప్రక్కవాని లాభము కాదు. అతని గల్లాపెట్టెలోని రూపాయి నా గల్లాపెట్టెనుండి పోయినది కాదు. పైగా పరుల లాభమునకు విఘ్నము కలిగించినవాడు తానే అంతరాయ కర్మమును కట్టుకొనును. అనగా ఈర్ష్యచే అతనికి అడ్డుపడినచో రేపటి నా నష్టమును నేడే నేను కొని తెచ్చుకొనుచున్నాను. ఇంతకంటె నష్టపు బేరము ఏ బజారులోనైన కలదా? అయితే కర్మమని చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. మన పురుషార్థము మనము చేయవలసినదే. పరుని వైపు చూచి ఏడ్చుట మాత్రము పురుషార్థము కాదు.

రెండవది నీచగోత్రము. పరనింద, ఆత్మప్రశంస, ఇతరులలో ఉన్న గుణములను కప్పిపెట్టుట, తనలో లేని గుణములను చాటుట — వీనివలన నీచగోత్ర కర్మము బంధమగునని చెప్పబడినది. లేనిది చాటుట, ఉన్నది కప్పుట అను రెండు పనులకును ఫోను ఎంత సులభమైన పనిముట్టో ఆలోచింపుడు.

మూడవది మాత్సర్యము. ఈ మాట అందు రెండుచోట్ల వచ్చును. జ్ఞానవిషయమున మాత్సర్యము జ్ఞానావరణ కర్మమునకు కారణము. అతిథి సంవిభాగ వ్రతమున మాత్సర్యము ఒక అతిచారము. అనగా ఇతర దాతలపై అసూయతో, పోటీతో దానము చేయుట. మందిరములో బోలీ పాడునపుడు, విరాళముల పట్టీలో ప్రక్కవాని పేరునకు ఎదుట అంకెను చూచి మన అంకెను మార్చునపుడు ఈ మాటను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సొమ్ము మందిరమునకు చేరును, నిజమే. మన ఖాతాలో ఏమి చేరినదో అది వేరు సంగతి.

నాల్గవది అనర్థదండ విరతి. మనకు ఏ ప్రయోజనము లేని పాపమునుండి విరమించుట ఈ వ్రతము. ఇందు విడువవలసిన ఐదింటిలో అపధ్యానము, దుఃశ్రుతి, ప్రమాదచర్య అను మూడు కలవు. పరుల కీడును తలపోయుట అపధ్యానము. మనస్సును చెరచు కథలను వినుట దుఃశ్రుతి. ఊరక చేయు అజాగ్రత్త పని ప్రమాదచర్య. రాత్రివేళ ఫోను తెరమీద వ్రేలు త్రిప్పుచుండుటలో ఈ మూడును ఒకేసారి జరుగుచున్నవి. దొంగతనములోనైన దొంగకు సొమ్ము దొరకును. ఇందు మనకు దొరకునదేమి?

ఐదవది పరిగ్రహము. వస్తువుపై గల మూర్ఛయే, అనగా మమకారమే, పరిగ్రహమని శాస్త్రము. మనలో పెక్కుమంది పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టి, ఇన్ని ఇండ్లు, ఇంత బంగారము అని హద్దు వ్రాసికొందురు. కాని మూర్ఛయే పరిగ్రహమైనపుడు పరుని ఇంటిని చూచి నేను తపించినచో ఆ ఇల్లు నా పేర రిజిస్టరు కాకుండనే నా పరిగ్రహములో చేరినది! పన్ను లేదు, అద్దె రాదు, భారము మాత్రము నాది.

4. నాలుగు అరల పెట్టె

మందు ఎక్కడ? ఏడవ అధ్యాయమున నాలుగు భావనలు చెప్పబడినవి. సర్వ జీవులయందు మైత్రి. గుణములచే అధికులైన వారియందు ప్రమోదము. దుఃఖితులయందు కారుణ్యము. చెప్పినను విననివారియందు మాధ్యస్థ్యము.

వీనిని నాలుగు అరలుగల పెట్టెగా తలంపుడు. ఫోనులో ఏది కనబడినను ఈ నాలుగింటిలో ఒక అరలో వేయవచ్చును. ఒకడు కష్టించి కొట్టు వృద్ధి చేసినాడు: అతని శ్రమయును, నీతియును గుణములు, ప్రమోదపు అర. ఒకరు అప్పుచేసి ఆడంబరము చూపుచున్నారని మనకు తెలియును: వారికి రాబోవు కష్టమును తలచి కారుణ్యపు అర. ఒకడు ఇతరులను చులకన చేయుటకే గొప్పలు చెప్పుచున్నాడు: మాధ్యస్థ్యపు అర, చూచి ఊరకుండుట. ఏదియు తెలియనిచో మైత్రి. ఈర్ష్యను పెట్టుటకు ఐదవ అర ఆ పెట్టెలో లేనేలేదు.

ఇందొక సూక్ష్మము గమనింపవలెను. ప్రమోదము గుణాధికుల యెడ చెప్పబడినది గాని ధనాధికుల యెడ కాదు. సొమ్మును చూచి సంతసింపుమని శాస్త్రము బలవంతపెట్టలేదు. సొమ్ము వెనుకనున్న గుణమును వెదకుమన్నది. వెదకుట ఆరంభించిన క్షణముననే చూపు మారును. "వీనికెంత వచ్చినది?" అను ప్రశ్న పోయి "వీడెట్లు చేసెను?" అను ప్రశ్న వచ్చును. మొదటిది ఈర్ష్యకు తల్లి. రెండవది విద్యకు తల్లి.

5. అన్నదమ్ముల రెండు కథలు

జినసేనాచార్యులు తొమ్మిదవ శతాబ్దమున రచించిన ఆదిపురాణమున భరత చక్రవర్తి కథ కలదు. భరతుడు షట్ఖండములను జయించి, తన పేరు చెక్కుటకై వృషభాచలమునకు వెళ్ళెను. తనవంటి చక్రవర్తి లేడని అతని తలంపు. తీరా చూడగా ఆ కొండపై వ్రాయుటకు జాగా లేదు. పూర్వపు చక్రవర్తుల పేర్లతో రాయియంతయు నిండియున్నది. తుదకు ఒకరి పేరును చెరిపి తన పేరు వ్రాయవలసి వచ్చెను. అతని గర్వము అక్కడ తగ్గినది. నేడు నేను చెరిపినట్లే రేపు నా పేరును మరియొకడు చెరుపును గదా! వృషభాచలమున పేరు చెరుగుటకు యుగములు పట్టినవి. మన స్టేటస్ ఇరువదినాలుగు గంటలలో దానంతట అదే చెరిగిపోవుచున్నది. అయినను మనకు జ్ఞానము రాలేదు.

పిమ్మట బాహుబలితో కలహము వచ్చినది. సేనల ప్రాణములు పోకుండుటకై అన్నదమ్ములిరువురు దృష్టి, జల, మల్లయుద్ధములు చేసిరి. మూడింటను బాహుబలి గెలిచెను. గెలిచినవాడే విరక్తుడై రాజ్యము విడిచి వెళ్ళెను. ఒక సంవత్సరము నిలుచున్నచోట నిలిచి తపస్సు చేసినను కేవలజ్ఞానము కలుగలేదు. ఏల కలుగలేదో రెండు సంప్రదాయములును కొంత భేదముతో చెప్పును. శ్వేతాంబర కథలో, తనకంటె ముందు దీక్షగొన్న తమ్ములకు పెద్దవాడనైన నేను నమస్కరింపవలసి వచ్చునే అను మానము అతనిలో మిగిలియున్నది. చెల్లెండ్రు బ్రాహ్మియు సుందరియు వచ్చి ఏనుగు మీదినుండి దిగుమని చెప్పిరి. అతడు గ్రహించి నమస్కరించుటకు అడుగెత్తెను. అడుగెత్తిన వెంటనే కేవలజ్ఞానము కలిగినది. రాజ్యమును విడిచినవానికి పోలికను విడుచుట కష్టమైనది చూచితిరా! మన బెంగుళూరినుండి సుమారు నూటయేబది కిలోమీటర్ల దూరమున శ్రవణబెళగొళలో, 981 ప్రాంతమున చాముండరాయడు చెక్కించిన ఆ మహామూర్తిని మనమందరము దర్శించియే యున్నాము. 2018 మహామస్తకాభిషేకమునకు వెళ్ళినవారును మనలో పెక్కురు. దర్శించి వచ్చి, మనము ఏ ఏనుగుపై నున్నామో చూచుకొనవలెను.

రెండవ కథ పురాణము కాదు, చరిత్ర. అదియు మన తెలుగు నేలది. కరీంనగరు జిల్లా గంగాధర మండలములో కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట అను కొండ కలదు. ఆ రాతిపై జినమూర్తులును చక్రేశ్వరీదేవి మూర్తియు చెక్కబడియున్నవి. దిగువన సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింట ఒక శాసనము కలదు. అందలి తెలుగు కంద పద్యములు మనకు దొరకిన మిక్కిలి ప్రాచీనమైన కందములలో చేరినవి. పదవ శతాబ్దమున దానిని చెక్కించినవాడు జినవల్లభుడు. అతడు ఆదికవి పంపనికి తమ్ముడు.

పంపడు 941లో కన్నడమున ఆదిపురాణము రచించినవాడు. భరత బాహుబలుల కథ అందును కలదు. వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి అతనిని ఆదరించి ధర్మపురమును అగ్రహారముగా ఇచ్చెను. అంతటి అన్నకు తమ్ముడుగా పుట్టుట తేలిక సంగతి కాదు. ఎక్కడికి పోయినను "పంపని తమ్ముడు" అనియే పిలుపు. ఇట్టి స్థితిలో ఎందరు తమ్ముల మనస్సు చేదెక్కలేదు? జినవల్లభుడు ఏమి చేసెను? సొంతముగా రాయి చెక్కించుచు అందు అన్నగారి కీర్తిని కూడ చెక్కించెను. బసది కట్టించెను, తోట వేయించెను, చెరువు త్రవ్వించి దానికి అన్నగారి బిరుదమైన "కవితాగుణార్ణవ" నామమునే పెట్టెను. అన్నను పొగడుటవలన తమ్మునికి తగ్గినదేమి? వెయ్యేండ్లు దాటిన పిమ్మట నేడు పంపని వంశమును గూర్చి, సన్మానమును గూర్చి తెలిసికొనగోరువారు జినవల్లభుని శాసనమును కూడ ఆశ్రయింపవలసి యున్నది. ప్రమోదమునకు ఇంతకంటె గట్టి దృష్టాంతము నాకు తెలియదు. అదియును రాతిమీదనే యున్నది.

6. నా ఖాతాలోని తప్పు

ఇంతవరకు చెప్పినది పుస్తకములమాట. ఇక నా తప్పు చెప్పెదను. చెప్పకున్న ఈ పాఠము వ్రాయుటకు నాకు అర్హత లేదు.

మా ఊరినుండియే వచ్చి నావలెనే గుడ్డల వ్యాపారము చేయు ఒక మిత్రుడు కలడు. నాకంటె చిన్నవాడు; నన్ను "అన్నా" అని పిలుచును. కరోనా తరువాత, 2021లో, నా కొట్టున బేరములు లేక అద్దెకే కష్టముగా నున్న రోజులలో అతడు రెండవ దుకాణము తెరచెను. ప్రారంభోత్సవపు ఫోటోలు స్టేటస్‌లో పెట్టెను. నేను ఆ ఫోటోలను ఆ రాత్రి ఎన్నిసార్లు చూచితినో నాకే తెలియదు. "అభినందనలు" అని వ్రాసితిని. బొటనవ్రేలు వ్రాసినది గాని మనస్సు వ్రాయలేదు.

కొలది దినములకు చిక్కపేటలోని ఒక టోకు వర్తకుడు, మా ఇరువురకు సరకు అరువిచ్చువాడు, మాటల సందర్భమున నన్నడిగెను: "మీవాడు రెండో కొట్టు పెట్టినాడట, గట్టివాడేనా?" నేను అబద్ధమాడలేదు. నిందయు చేయలేదు. కొంచెము ఆగి, "చూసుకొని ఇవ్వండి" అంటిని. అంతియే. రెండు మాటలు. వర్తకులకు దాని అర్థము చెప్పనక్కరలేదు. ఆ సీజనుకు మిత్రునకు అరువు సరకు ఆగిపోయినది. పండుగకు క్రొత్త కొట్టు అలమరలు సగము ఖాళీగా నున్నవని విని, ఒక క్షణము నాకు సుఖముగా తోచినది. ఆ సుఖమును తలచుకొన్న ఇప్పటికిని సిగ్గగుచున్నది.

రెండు సంవత్సరములు సంవత్సరీ నాడు అందరికి పంపినట్లే అతనికిని "మిచ్ఛామి దుక్కడం" అను పూలబొమ్మ ఫోనులో పంపితిని. 2023లో ప్రతిక్రమణమున పాపస్థానకములను పదునెనిమిదింటిని తలచుచు పైశున్యము, పరపరివాదము వద్దకు వచ్చునప్పటికి నా నోరు ఆగినది. మరునాడు అతని కొట్టునకు నడచివెళ్ళితిని. జరిగినది చెప్పితిని.

అతడు కొంతసేపు మాటాడలేదు. పిదప, "తెలుసు అన్నా. ఆ సేటే నాకప్పుడే చెప్పినాడు" అనెను.

"తెలిసి రెండేండ్లు నాతో ఎట్లా మాట్లాడినావు?" అంటిని.

"ఏం చెయ్యమంటావు? ఊరినుంచి వచ్చినవాళ్ళం ఇద్దరమే గదా" అనెను. మంచినీళ్ళు తెప్పించెను. కోపము పూర్తిగా పోయినదని నేను చెప్పలేను; పోవలెనని అడుగు హక్కును నాకు లేదు.

అక్కడినుండి చిక్కపేటకు వెళ్ళి ఆ వర్తకునితో, "ఆనాడు నేనన్న మాట ఈర్ష్యతో అన్నది, అతనిపై నాకెట్టి సందేహము లేదు" అని చెప్పితిని. నోటితో వేసిన ముడిని నోటితోనే విప్పవలెను, పూలబొమ్మ విప్పదు. పోయిన సీజను మాత్రము తిరిగి రాలేదు. అది నా ఖాతాలో వ్రాసియున్నది.

7. స్పర్ధ వేరు, మాత్సర్యము వేరు

"ప్రక్కవానిని చూడక వ్యాపారము చేయుటెట్లు?" అని యువకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ప్రక్క కొట్టువాడు సరకు అమర్చిన తీరు చూచి మన అలమర సర్దుకొనుట స్పర్ధ. అది దోషము కాదు. పరీక్ష ఒక్కటే: రేపు అతనికి నష్టము వచ్చినదని విన్నచో మన మనస్సులో మొదట కదలునదేమి? జాలి కదలినచో మనది స్పర్ధ. సంతోషము కదలినచో మాత్సర్యము. ఈ పరీక్షకు సాక్షి ఎవరును ఉండరు; మనకు మనమే.

8. ఆచరణ నియమములు

ఫోనును విడువుమనుట గృహస్థునకు సాధ్యము కాదు. నేడు చెల్లింపులు, ఆర్డర్లు, జి.ఎస్.టి. లెక్కలు అన్నియు దానిలోనే యున్నవి. అందుచే త్యాగము గాక పరిమాణము చెప్పుచున్నాను. నేను ఆచరించుచున్నవి ఇవి.

(1) ఉదయము నవకార స్మరణము, సామాయికము ముగియువరకు ఫోను ముట్టరాదు. సామాయికము 48 నిమిషములు. దినములోని మొదటి 48 నిమిషములు మనవైనచో తక్కినవానిపై అధికారము కొంత చిక్కును.

(2) దేశావకాశిక వ్రతమున నేడు ఇంతదూరమే వెళ్ళుదునని హద్దు పెట్టుకొందుము. ఫోను చూచుటకును అట్లే హద్దు పెట్టవలెను. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 143 మంది విద్యార్థులపై పరీక్ష జరిపి 2018లో ప్రకటించిరి. కొందరు మూడు వారములపాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను ఒక్కొక్కటి దినమునకు 10 నిమిషములకు మించి చూడలేదు. ఎప్పటివలె చూచినవారికంటె వీరిలో ఒంటరితనమును, దిగులును తగ్గినవి. హద్దు పెట్టుటకు ఇప్పటి ఫోన్లలోనే ఏర్పాటు కలదు. పిల్లల నడిగిన చూపుదురు.

(3) ఎవరి స్టేటస్ చూచిన మనస్సు చెడుచున్నదో దానిని కొంతకాలము మ్యూట్ చేయవలెను. అది వారికి తెలియదు. ఇది వారిపై కోపము కాదు. మన కంటికి పథ్యము.

(4) దినమునకు ఒకరి గుణమును నోటితో మెచ్చవలెను. లైక్ నొక్కుట చాలదు. ఫోను చేసి, ఏ గుణము నచ్చినదో పేర్కొని చెప్పవలెను. మొదట నాలుక పలుకదు; పదిసార్లు చెప్పిన పలుకును.

(5) మనము ఏదైన పెట్టుటకు ముందు ఆలోచింపవలెను: ఇది చూచి ఎవరికైన మేలు కలుగునా, లేక ఎవరి నిద్రయైన చెడునా? మన ఈర్ష్యను గూర్చి ఇంత మాటాడితిమి. పరులకు ఈర్ష్య పుట్టించుటయు మన దోషమే. దానము చేసిన ఫోటోలో పుచ్చుకొనువాని ముఖము చూపుట ఎంతమాత్రము తగదు.

(6) "చాలును" అను అంకెను కాగితముపై వ్రాసికొనవలెను. ఇదియే పరిగ్రహ పరిమాణము. అంకె వ్రాయనివానికి ప్రక్కవాని అంకెయే కొలబద్ద యగును.

(7) క్షమాపణ అందరికి ఒకే బొమ్మగా పంపుటతో సరిపెట్టరాదు. ఎవరికి నిజముగా అపకారము చేసితిమో ఆ ఒక్కరి వద్దకు నడచి వెళ్ళవలెను.

(8) స్టేటస్ పెట్టనివారిని విచారింపవలెను. లాభము వచ్చినవాడు ఫోటో పెట్టును; నష్టపోయినవాడు మౌనముగా నుండును. మన సంఘమున ఆరునెలలుగా ఎవరు కనబడుటలేదో చూచి వారి ఇంటికి వెళ్ళుటయే సాధర్మిక వాత్సల్యము.

9. స్వాధ్యాయ ప్రశ్నలు

కుటుంబమందరు కలిసి కూర్చున్న వేళ ఈ ప్రశ్నలను వేసికొనుడు.

ఒకటి: ఈ వారము ఎవరి వృద్ధిని చూచి నా మనస్సు కుందినది? అతనిలో నేను గుర్తింపని గుణమేది?

రెండు: నేను ఇచ్చిన చివరి విరాళములో ప్రక్కవాని అంకెకు ఎంత భాగమున్నది?

మూడు: నా మాటవలన ఎవరికైన అరువు, సంబంధము, ఉద్యోగము తప్పిపోయినదా? ఆ మాటను తిరిగి తీసికొంటినా?

నాలుగు: మా పిల్లలను నేను మరియొకరి పిల్లలతో పోల్చుచు ఎన్నిసార్లు మాటాడితిని? ఈ విద్యను వారికి నేర్పినది ఫోనా, నేనా?

నాల్గవ ప్రశ్నకు సమాధానము చెప్పునపుడు పిల్లలను గదిలోనే ఉండనిండు. వారి సమాధానము వినుట మనకు మంచిది.

పాఠము ముగిసినది. ఇందేదైన మాట ఎవరి మనస్సునైన నొప్పించినచో మనోవాక్కాయములచే మిచ్ఛామి దుక్కడం.

జయ జినేంద్ర.

— ఒక వర్తకుడు, మారతహళ్ళి, బెంగుళూరు